ట్యాంకు మూత మీది బొట్టు

గౌలిపురలో మా అద్దె ఇంటి సందు మొదట్లో, ఒక ప్రహరీ గోడ పక్కన సీమోను మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. పైన కప్పు లేదు. వానొస్తే బండి మీద టార్పాలిన్ కప్పి, దాని కిందే తనూ కూర్చునేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటే, పక్కన ఎంత గోల జరిగినా అతనికి పట్టేది కాదు. రోగం తెలిస్తే చెప్పేవాడు. తెలియకపోతే "సమజైతలేదు సారూ" అని ఒప్పుకునేవాడు. ఆ ఒప్పుకోవడమే చేతకానితనమని నేననుకున్నాను. అంత తెలివైనవాణ్ణి మరి.

నేను తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. బార్కస్ దాటాక ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. డెబ్బై ఆరులో ఒక పాత మోటారు సైకిలు కొన్నాను. మా ఆవిడ రాజరాజేశ్వరి ప్రతి శుక్రవారం దానికి గంధం, పసుపు కలిపి దట్టంగా పూసి కుంకుమ పెట్టేది. హెడ్‌లైటుకొకటి, పెట్రోలు ట్యాంకు మూతకొకటి.

రెండు నెలలకు బండికి జబ్బు మొదలైంది. ఇంటి దగ్గర బుద్ధిగా బయలుదేరేది. మూడు నాలుగు మైళ్లు పోయాక నీరసపడేది, యాక్సిలరేటరు ఎంత తిప్పినా వేగం అందుకునేది కాదు, నడిరోడ్డు మీద ఆగిపోయేది. పావుగంట నిలబడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేది.

సీమోను ప్లగ్గు మార్చాడు. కార్బురేటరు విప్పి కడిగాడు. పెట్రోలు ఉందో లేదో చూద్దామని మూత మీద చెయ్యి వేసి, "సారూ, గీ పసుపు జర తుడిసి సూస్త" అంటూ గుడ్డ తీశాడు.

"ముట్టుకోకు! మా ఆవిడ పూజ చేసి పెట్టిన బొట్టది" అన్నాను.

ఆ మాట అన్న గొంతు నాకింకా గుర్తుంది. అతని చేతులకున్న గ్రీజు వల్ల అన్నానని చెప్పుకుంటే కొంత తేలిగ్గా ఉంటుంది. కానీ అక్కడ సీమోను కాక ఇంకో గుండయ్యో, రామయ్యో ఉంటే అంత చురుగ్గా అనేవాణ్ణి కాదు. ఆ రోజు నుంచి అతను మూత తీయాల్సివస్తే, బొట్టు చెదరకుండా అంచులు మాత్రం కాగితంతో పట్టుకుని తిప్పేవాడు. తీసి, చూసి, పెట్టి, చార్మినారు దాకా తిప్పుకొచ్చేవాడు. ఆ కాస్త దూరానికి బండి ఆగేది కాదు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసు జీపుల షెడ్డులో ఫిట్టరు ఉద్యోగం ఒకటి పడింది. సీమోను దరఖాస్తు పెట్టాడు.

"వచ్చే యేడు సర్కారు నౌకరికి ఉమర్ దాటిపోతది సారూ. గిదే ఆఖరు. మీరొక్క మాట జెప్పుండ్రి. నీడ పట్టున కూసొని పని జేసుకుంట."

"తప్పకుండా చెప్తాను" అన్నాను.

చెప్పాను కూడా. ఆ రోజు బండి దారిలో రెండుసార్లు ఆగింది. ఎండలో తోసుకుంటూ గంట ఆలస్యంగా ఆఫీసుకు చేరేసరికి రిజిస్టరులో నా పేరు ఎదుట ఎర్ర గీత. ఒళ్లు మండిపోతోంది. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు వీరరాఘవరావుగారు పిలిచి, "ఈ సీమోను మీ సందువాడేనట. పని వచ్చా?" అని అడిగారు.

"నా ఒక్క బండి బాగుచెయ్యలేనివాడు మన జీపులేం చూస్తాడండీ!" అన్నాను.

ఆయన పెన్సిలుతో ఆ పేరు కొట్టేశారు. వారంలో ఇంకెవరో చేరిపోయారు.

ఆ తర్వాత ఎనిమిదో రోజున బండి బార్కస్‌లో ఒక పంక్చర్ల కొట్టు ముందు ఆగింది. కొట్టులోని ముసలాయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, నన్నడగకుండానే ట్యాంకు మూత తిప్పాడు. స్స్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడైంది. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది.

"సాఁస్ బంద్ హోగయీ సాబ్" అని, బండికి ఊపిరాడటం లేదంటూ ఆయన పిన్నుతో మూత మీది గంధం గీకాడు. కింద ఆవగింజంత బెజ్జం బయటపడింది. లోపల పెట్రోలు తగ్గే కొద్దీ ఆ బెజ్జంలోంచే గాలి వెళ్లాలట. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. సీమోను తుడుస్తానన్నది సరిగ్గా అక్కడే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సాయంత్రం తిన్నగా సీమోను దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పెయ్యాలనే వెళ్లాను. ముందు బెజ్జం సంగతి చెప్పాను.

అతను నుదురు కొట్టుకుని నవ్వాడు. "అరె! మొదటి దినమే నాకు ఆ మూత మీద శక్ వడ్డది సారూ. మల్లొకసారి అడుగుదమనుకున్న. మీ పూజ సంగతి, నేను క్రిస్టానోన్ని, ఏం బాగుంటదని ఊకున్న. తప్పు నాదే. అడగాలె."

తప్పు తనదేనట! నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"సీమోనూ, ఆ ఉద్యోగం విషయం..." అని మొదలుపెట్టాను.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ. మీరు జెప్పిండ్రు, ఆళ్లు ఇనలే. మీరేం జేస్తరు?" పానాలు గుడ్డతో తుడిచి ఒక్కొక్కటే డబ్బాలో పెడుతూ అన్నాడు. "నా కోసం నోరు తెరిసి అడిగినోళ్లు మీరొక్కరే. మా కళావతికి గూడ జెప్పిన. ఆదివారం గుడిల మీ పేరు మీద ప్రార్థన జేస్తనన్నది."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

"దానిదేముందిలే" అన్నాను.

ఆ సందులో మేమింకా ఆరేళ్లున్నాం. సీమోను ఆ గోడ పక్కనే ఎండకు ఎండి, వానకు తడిసి పని చేశాడు. కళావతి ఒక్క ఆదివారం కూడా నా పేరు మరిచిపోలేదట.