అరవై రెండు మంది ఒక్కడే

పంపుల ఫ్యాక్టరీలో సిబ్బంది రికార్డులు చూసే అమ్మమ్మకి రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉంది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా దానికోసమే గాలిస్తుంది. ఎనిమిది వందల మంది టోకెన్ నంబర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఆ వారం ఆఫీసుకి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. సెలవులకో పాస్‌వర్డు, పీఎఫ్‌కో పాస్‌వర్డు, ఆస్పత్రి కార్డుకో పాస్‌వర్డు కాకుండా, ఒక్కసారి లాగిన్ అయితే అన్నీ తెరుచుకునే ఏర్పాటు చేయడం ఆమె పని. బోర్డు మీద ఒక తలుపు, దాని వెనక మూడు గదులు గీసి చూపించింది. అమ్మమ్మ నోరు తెరిచింది.

"నేనెవరో ఒక్కసారి చెబితే మూడు గదులవాళ్లూ నమ్మేస్తారా? మా ఇంట్లో మా ఆయన ఇంతవరకూ నమ్మలేదు!"

"నమ్ముతారండీ. తలుపు దగ్గర మెయిల్ ఐడీ చూస్తారు. ఈ జాబితా సరిచూసి సంతకం పెట్టండి. సోమవారం పాత కార్డులు ఆపేస్తాం."

వెల్డింగు షెడ్డులో నాలుగువందల పదిహేడు టోకెన్ వెల్డరు భార్యకి మంగళవారం గుండె ఆపరేషన్. కార్డు లేకపోతే ఆస్పత్రిలో చేర్చుకోరు. అందుకే అమ్మమ్మ ముందు అతని వరసలోనే వేలు పెట్టింది. అక్కడున్న మెయిల్ ఫోర్‌మన్‌ది. కింది వరసలోనూ ఫోర్‌మన్‌దే. షెడ్డంతా ఫోర్‌మనే! ఇలాగే సంతకం పెడితే సోమవారం నుంచి ఆ తలుపు ఫోర్‌మన్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్ల కిందట షెడ్డులో ఒక కాగితం తిప్పారు. మెయిల్ గడిలో ఫోర్‌మన్ తనది రాశాడు. రెండోవాడికి మెయిల్ లేదు. ఖాళీగా వదిలితే తిడతారని "పైదే" అని రాశాడు. ఇక చివరిదాకా పైదే, పైదే. కంప్యూటర్లో ఎక్కించినవాడు బుద్ధిమంతుడు, అక్షరం తప్పలేదు.

ఫోర్‌మన్‌ని పిలిచింది. "ఏం నాయనా, ఒక్కడివే అరవై రెండు మందివట!"

"అదా సంగతి, అక్కా! పుట్టినరోజు శుభాకాంక్షలు ఏడాదంతా వస్తుంటే, కంపెనీకి నేనంటే ఇంత ప్రేమా అని మురిసిపోతున్నా!"

ఇంజనీరమ్మాయికి నవ్వు రాలేదు. "మరి మనిషిని దేంతో గుర్తుపట్టాలండీ?"

"టోకెన్ నంబరుతో."

"మనిషి మానేస్తే ఆ నంబరు ఇంకొకరికి ఇస్తారుగా?"

"ఇవ్వం. పోయినవాళ్లది కూడా ఇవ్వం. ఆ నంబరు ఆ మనిషిదే."

అమ్మాయి మార్కరు మూత పెట్టడం మరిచిపోయి చూసింది. తర్వాత బోర్డు మీది తలుపు దగ్గర రాసుకున్న మెయిల్ తుడిచేసి టోకెన్ అని రాసింది. కోడ్ పంపడానికి ప్రతివాడి ఫోన్ నంబరూ కావాలంది. అమ్మమ్మే షెడ్డుకి వెళ్లింది. "ఈసారి పైదే అన్నవాడి చెయ్యి విరగ్గొడతా!"

సోమవారం పొద్దున ఆ వెల్డరు చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. టోకెన్ కొట్టాడు. ఫోన్‌కొచ్చిన కోడ్ కొట్టాడు. ఒక్కసారిగా సెలవులు, పీఎఫ్, ఆస్పత్రి, మూడూ తెరుచుకున్నాయి. కార్డు మీద అతని భార్య ఫొటో.

"మా ఆవిడేనమ్మా!" అని, ప్రింటు తీసిన కాగితం చొక్కాలో దోపుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు.

అమ్మమ్మ ఒళ్లు జలదరించింది. ముప్ఫై ఏళ్లు ఏ బీరువాకి ఏ తాళమో వెతుక్కున్న మనిషి. కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. గుమ్మం దగ్గర మిగతావాళ్లు తోసుకుంటున్నారు.

"ఒక్కొక్కరే రండిరా," అంది, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ప్రతిదీ నేను చూడాలి."