మూడో క్లచ్ ప్లేటు

ముప్పై ఏళ్ళు చేసిన పనిలో తన చెయ్యి ఏం చేస్తోందో మనిషికి తెలియకుండా ఉంటుందా? ఉంటే, ఇన్నాళ్ళూ ఆ పని చేసింది ఎవరనుకోవాలి? ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసినా ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పుకోవడమే మేలు.

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఏ బండి వచ్చినా ముందు పానా ముట్టుకునేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ తరవాత చెప్పిన మాట తప్పిందని ఎవరూ అనలేదు, అనే అవకాశం ఆయన ఇవ్వలేదు. ఆర్నెల్ల కిందట మోకాళ్ళు మొరాయించడంతో షెడ్డు అల్లుడి చేతిలో పెట్టి ఇంటికొచ్చేశాడు. వస్తూ వస్తూ, ‘పిలిస్తే తప్ప షెడ్డు గడప తొక్కను’ అని తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు. పక్కన నిలబడి సలహాలిచ్చే పెద్దవాళ్ళంటే కుర్రతనం నుంచీ ఆయనకు ఒళ్ళుమంట.

ఆ ఉదయం కూతురు కాఫీ గ్లాసు ముందు పెట్టి, వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

“నాన్నా, ఆయన రేపట్నుంచి వాళ్ళన్నయ్య స్పేర్ పార్టుల కొట్లో కూర్చుంటారట.”

“ఎందుకూ?”

“ఆ నర్సరీ ఆవిడ పికప్పు. క్లచ్చూ ఫ్లైవీలూ కొత్తవి వేశారుగా. అప్పట్నుంచీ గేరు పడటంలేదు. గేర్‌బాక్సు ఇప్పటికి మొత్తం రెండుసార్లు దింపారు, రెండుసార్లు ఎక్కించారు. ఇవాళ కూడా బాగవకపోతే షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి నీకిచ్చేస్తారట.”

“నాకెందుకే తాళంచెవి? నేనేం చేసుకోను?”

“ఆ మాట వెళ్ళి ఆయన్నే అడుగు.”

దీన్ని పిలవడమే అనుకోవచ్చా అని ఒక్క క్షణం ఆలోచించాడు. అనుకోవచ్చనే తేల్చుకుని, గ్లాసు ఖాళీ చేసి చొక్కా తొడుక్కున్నాడు.

షెడ్డులో తెల్ల పికప్పు మధ్యలో నిలబడి ఉంది. దాని పక్కన నర్సరీ నడిపే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని అల్లుణ్ణి కడిగేస్తోంది.

“ఇదివరకు ఎత్తు ఎక్కేటప్పుడు మూలిగేదయ్యా, అంతే. మూలుగుతూ అయినా ఎక్కేది. ఇప్పుడు నువ్వు బాగుచేశాక ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. మూడు వందల మామిడి మొక్కలు అక్కడ ఎండలో నా ప్రాణం తోడేస్తున్నాయి. ఇది మరమ్మతా, లేక నా మీద ఏమైనా కక్షా?”

అల్లుడు నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటున్నాడు. మామగారిని చూడగానే మొహం మరింత వాడిపోయింది.

“భోజనం చేసి రండమ్మా,” అన్నాడు పెద్దాయన. “వచ్చేటప్పటికి బండి సిద్ధంగా ఉంటుంది.”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, “ఈ మాట మీరన్నారు కాబట్టి వెళ్తున్నా,” అని ఆటో ఎక్కింది.

“మావయ్యా, ఇంకా విప్పనేలేదు!” అల్లుడి గొంతులో కంగారు.

“విప్పితేనే తెలిసేదైతే ఇక చెవులెందుకు? ఏమేం చేశావో చెప్పు.”

అల్లుడు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఇంజను ఆపి ఉంటే గేర్లన్నీ పడుతున్నాయి. స్టార్టు చేస్తే మాత్రం పెడల్ నేలకి తొక్కినా రివర్సు గర్రుమంటోంది, మొదటి గేరు పడితే బండి తనంతట తాను పాకుతోంది. క్లచ్ నూనె పైపులో గాలి ఉందేమోనని రెండుసార్లు గాలి తీశాడు. పెడల్ కింది సిలిండరు మార్చాడు. గేర్‌బాక్సు దింపి చూస్తే క్లచ్ ప్లేటు వంకర తిరిగి ఉంది. సరుకే అలా వచ్చిందనుకుని ఇంకో ప్లేటు వేశాడు. మళ్ళీ అదే రోగం.

“నాకు ఫ్లైవీలు మీద అనుమానంగా ఉంది. ఇంకొకటి తెచ్చిపెట్టుకున్నాను. మూడో ప్లేటు కూడా తెచ్చాను.”

పెద్దాయన చక్రాలకు అడ్డంగా చెక్క దిమ్మలు పెట్టించాడు. అల్లుణ్ణి లోపల కూర్చోబెట్టి, గేరు వేయించి, క్లచ్చూ బ్రేకూ తొక్కిపెట్టి ఇంజను స్టార్టు చేయమన్నాడు. బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ కొనను గేర్‌బాక్సు మెడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లోపల ఎక్కడో సన్నగా రాపిడి. తెంపు లేకుండా, ఒకే తీరున.

“ఆపెయ్. ఫ్లైవీలు జోలికి పోకు.”

“ఎలా చెప్పగలరు?”

“ఇప్పుడు ప్లేటు నిలబడి ఉంది, అది ఆనే ఫ్లైవీలు చక్రం ఇంజనుతోపాటు తిరుగుతోంది. వంకర ఫ్లైవీల్లో ఉంటే రాపిడి చుట్టుకోసారి వచ్చి పోవాలి. ఇది రావడమే గాని పోవడం లేదు. వంకర ప్లేటులోనే ఉంది. అందుకే పెడల్ తొక్కినా పూర్తిగా విడిపోవడం లేదు.”

“రెండో ప్లేటు కూడానా?”

“రెండోది కూడా. అంటే సరుకుది తప్పు కాదు. వేసేటప్పుడే వంగుతోంది.”

ఆ మాట అల్లుడికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. వెళ్ళి జాకీ తెచ్చాడు. గంటన్నరకి గేర్‌బాక్సు కిందికి వచ్చింది. ప్లేటు తీసి గేర్‌బాక్సు షాఫ్టు మీద తిప్పితే, మేస్త్రి అన్నట్టే ఒకచోట తల ఊపుతోంది.

“గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు చేత్తో తోస్తే పోయిందా?”

“చివరి అంగుళం పోలేదు. బోల్టులు బిగించి లాక్కున్నాను.”

“అక్కడే వంగింది. గేర్‌బాక్సు షాఫ్టు ప్లేటు బెజ్జంలోకి సూటిగా పోలేదు, నువ్వు ఊరుకోలేదు. బరువంతా ప్లేటు నడుం మీద పడింది.”

“సూటిగా ఎందుకు పోదు మావయ్యా? మీరు నేర్పినట్టే డమ్మీ షాఫ్టు పెట్టే బిగించాను!”

డమ్మీ షాఫ్టు పెద్దాయన సొంత తయారీ. ఏదో పాత గేర్‌బాక్సు షాఫ్టును కోసి చేసుకున్నాడు. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవడానికి దాన్ని ప్లేటు బెజ్జంలోంచి దూర్చి, దాని ముక్కును ఫ్లైవీలు నడిమి బేరింగులో నిలబెట్టి, ప్లేటు మీద క్లచ్ మూత పెట్టి చుట్టూ బోల్టులు బిగించి, ఆ తరవాత లాగేస్తారు. ముప్పై ఏళ్ళలో ఆ షాఫ్టు ఎన్ని బండ్ల కింద దూరిందో లెక్కలేదు. క్లచ్ పని మాత్రం చివరిదాకా పెద్దాయనే చేసుకునేవాడు. గేర్‌బాక్సు మోసేది, పట్టుకునేది అల్లుడు. సొంతంగా అతను వేసిన మొదటి క్లచ్ ఈ బండిదే.

“మూడోది నా ముందు వెయ్,” అన్నాడు పెద్దాయన.

అల్లుడు బండి కింద పడుకుని వేశాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని షాఫ్టు లాగేశాక టార్చి వేసి చూస్తే, ప్లేటు బెజ్జం గోరు మందాన కిందికి జారి ఉంది.

“విప్పు. నేను చేస్తా చూడు.”

మోకాళ్ళు వంగవు గాని వెల్లకిలా పడుకోవడానికి మోకాళ్ళతో పనిలేదు. చక్రాల పలక మీద పడుకుని బండి కిందికి జారాడు. అల్లుడు టార్చి పట్టుకుని పక్కనే పడుకున్నాడు. అదే షాఫ్టు, అదే ప్లేటు, అవే ఆరు బోల్టులు. షాఫ్టు లాగేశాక చూస్తే ప్లేటు కొలిచి పెట్టినట్టు నట్టనడుమ ఉంది.

“చూశావా? ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?” అన్నాడు.

అల్లుడు కదల్లేదు. “మావయ్యా, ఆ బొటనవేలు ఏంటి?”

“ఏ బొటనవేలు?”

“మీ ఎడమ చేతిది. బోల్టులు బిగిస్తున్నంతసేపూ షాఫ్టును కిందనుంచి పైకి ఎత్తి పట్టుకున్నారు.”

“నేనా? లేదే.”

“ఎత్తారు మావయ్యా. గోరు తెల్లబడేంత గట్టిగా.”

పెద్దాయన చెయ్యి మొహం ముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు. బొటనవేలి మెత్తటి భాగంలో షాఫ్టు పళ్ళ గాట్లు ఎర్రగా పడి ఉన్నాయి. అదే చోట పాత గాట్లు కాయలై ఉన్నాయి. పానా పట్టిన కాయలనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాని పానా పట్టేది కుడిచెయ్యి.

అల్లుడు అప్పటికే బయటికి జరిగి, తెచ్చిపెట్టుకున్న కొత్త ఫ్లైవీలు బేరింగులో షాఫ్టు ముక్కు పెట్టి ఊపుతున్నాడు. లటలటమని ఆడింది. “ముక్కు అరిగిపోయింది. అందుకే వదిలేస్తే వాలిపోతోంది. మీకెప్పుడూ వాలలేదంటే, మీరు వాలనిస్తేగా!”

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. జబ్బేమిటో తెలిసినవాడి ఉత్సాహం ఉంది. పెద్దాయన వేలి మీది కాయల్ని రెండో చేత్తో తడుముకున్నాడు. షాఫ్టు ముక్కు ఎంత కొంచెం కొంచెంగా అరిగిందో, వేలు అంత కొంచెం కొంచెంగా పైకి ఎత్తుతూ వచ్చింది. అల్లుడికి అన్నీ నేర్పాననుకున్నాడు. తనకే తెలియనిదాన్ని ఏం నేర్పుతాడు?

“ఇప్పుడేం చేస్తావ్?” అని అడిగాడు చివరికి. ఆ షెడ్డులో ఆయన ఒకరిని ఆ మాట అడగడం అదే మొదటిసారి.

“మీ వేలి పని ఈ రేకు చేస్తుంది.”

అల్లుడు పల్చటి ఇత్తడి రేకు కత్తిరించి షాఫ్టు ముక్కుకు చుట్టాడు. రెండుసార్లు మందం ఎక్కువైంది, మూడోసారి బేరింగులో బిగుతుగా దిగింది. పెద్దాయన బిగించిన బోల్టులన్నీ విప్పి, అడక్కుండానే ప్లేటు మళ్ళీ తనే వేశాడు. గేర్‌బాక్సును జాకీ మీద పైకి లేపి చేత్తో తోశాడు. చివరి అంగుళం కూడా టక్కున కూర్చుంది. బోల్టులు అప్పటికింకా బల్ల మీదే ఉన్నాయి.

నర్సరీ ఆవిడ తిరిగొచ్చేసరికి ఇంజను నడుస్తోంది. అల్లుడు పెడల్ తొక్కి రివర్సు వేశాడు. చప్పుడన్నదే లేదు. మొదటి గేరు వేసినా బండి పాకలేదు, పెడల్ వదిలాకే కదిలింది. ఆవిడ గబగబా పక్క సీటు ఎక్కేసింది. “ఎత్తు ఎక్కించి చూపించు. అప్పుడు నమ్ముతా.”

సరిగ్గా అప్పుడే అల్లుడి ఫోన్ మోగింది. అవతల వాళ్ళన్నయ్య. “రేపా? రేపు కుదరదన్నయ్యా... ఎల్లుండి కూడా కుదరదు. షెడ్డులో పనుంది. కౌంటర్లో ఇంకెవర్నైనా పెట్టుకో.” ఫోను జేబులో వేసుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. “మావయ్యా, పది నిమిషాల్లో వచ్చేస్తాం. ఉండండి, కలిసి భోంచేద్దాం.”

పెద్దాయన తల ఊపాడు.

బండి మలుపు తిరిగింది. ఎత్తు రోడ్డు మొదట్లో రెండో గేరు పడటం, ఇంజను గొంతు ఎక్కడా తడబడకుండా పైకి పోవడం నిలబడి విన్నాడు. అందులో వెతకడానికి ఏమీ లేదు. బల్ల మీది పానాలు గుడ్డతో తుడిచాడు. అలవాటు కొద్దీ తన పాత వరసలో పెట్టబోయి, అల్లుడు వాటిని వేరే వరసలో పెట్టుకుంటున్నాడని గమనించి, ఆ వరసలోనే సర్దాడు. కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. అల్లుడు వచ్చేదాకా ఉంటే ఇద్దరూ ఏదో ఒకటి చెప్పుకోవాల్సి వస్తుంది. అతను మొహమాటపడతాడు, తను ఏదో ఒక సలహా ఇస్తాడు.

చెప్పులు వేసుకుని, వెనక గేటు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, ఇంటి దారి పట్టాడు.