ఖాదర్ చేతికి కట్టిన నా వాచీ

మా అమ్మాయి నా చేతికి ఒక వాచీ కట్టింది. నేను ఎన్ని అడుగులు నడిచానో, ఎక్కడున్నానో, గుండె ఎలా కొట్టుకుంటోందో అన్నీ అది ఆమె ఫోనుకు చేరవేస్తుంది. నలభై ఏళ్లు లారీ నడిపినవాణ్ణి, నాకు కాపలా ఏంటి? అందుకే ఈ రోజు పొద్దున దాన్ని తీసి, మా హారిసన్ ఊళ్లోనే ఉండే నా స్నేహితుడు ఖాదర్ చేతికి కట్టాను. అతను చెరువు చుట్టూ నా బదులు నడుస్తుంటే, నేను ఇంట్లో మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చున్నాను.

అంతలో ఆఫీసు నుంచి అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, నీ హార్ట్ బీట్ తేడాగా ఉందని అలర్ట్ వచ్చింది. అక్కడే బెంచీ మీద కూర్చో, ప్లీజ్. నేను వచ్చేస్తున్నా."

"నాకేం కాలేదే! ఇంట్లో బజ్జీలు తింటున్నా."

"మరి వాచీ ఎవరి చేతికుంది నాన్నా?"

చెప్పక తప్పలేదు. తను నేరుగా చెరువు దగ్గరికి వెళ్లి ఖాదర్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. గుండె లయ తప్పుతోందని, ముందే తెలియడం మంచిదయిందని డాక్టరు మాత్రలు రాసిచ్చారట.

సాయంత్రం ఖాదర్ ఫోన్ చేశాడు. "అన్నా, మావాడు నాకూ వాచీ కొన్నాడు. ఇక నీ అడుగులు నువ్వే నడువు."

నేను అమ్మాయి ముందు చెయ్యి చాపాను. ఖాదర్ దగ్గర్నుంచి తెచ్చిన వాచీని ఈసారి ఒక బెజ్జం బిగించి మరీ కట్టింది. దీన్ని తిట్టడానికి నాకు మాట దొరకడం లేదు. మీకు దొరికితే చెప్పండి.