మగ్గం కింది అద్దం

పెద్దమునియప్ప ఎవరినీ నమ్మే రకం కాదు. దొడ్డబళ్ళాపురంలో మరమగ్గం మోగని సందు లేదు. ఆ మోత మధ్య ఆయన ఇంట్లో మాత్రం ఇంకా చేతిమగ్గమే. దాని మీద దిగే చిలకల అంచు మరెవరి దగ్గరా లేదు. మరమగ్గాలవాళ్ళ కంట పడిందంటే వారం తిరక్కుండా బెంగళూరు బజారంతా అదే అంచు. అందుకే చీర దిగగానే గుడ్డలో చుట్టి, అడిగి నేయించుకునే నాలుగిళ్ళకు తానే బస్సెక్కి ఇచ్చి వస్తాడు.

అలాంటివాడి గుమ్మంలోకి బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్ నుంచి శ్వేత వచ్చింది, మెడలో పెట్టెలాంటి కెమెరాతో. చేతిమగ్గాల మీద ఫొటోల పుస్తకం వేస్తోందట. ముసలాయన ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసి, చివరికి సరేనన్నాడు. మగ్గం మీద చీరను బోర్లా నేస్తారు. పైకి కనిపించేది వెనక వైపు దారాల చిక్కే, అసలు ముఖం నేల వైపు ఉంటుంది. చిక్కును ఫొటో తీసుకుని ఏం చేసుకుంటుందిలే అనుకున్నాడు.

శ్వేత కెమెరా వెనక భాగం ఊడదీసి ఇంకో డబ్బా తగిలించింది.

"అదేంది మళ్ళా?"

"అప్పటికప్పుడు ఫొటో వచ్చే ఫిల్మ్ తాతా. లైటింగ్ ఒకసారి చెక్ చేసుకుని తర్వాత అసలు రీలు వేస్తాను. ఇది ఇప్పుడు తయారు చేయట్లేదు, పాత స్టాక్."

ఒకటి తీసింది. డబ్బాలోంచి కాగితం లాగి, గడియారం చూస్తూ ఒకటిన్నర నిమిషం ఆగి, రెండు పొరలుగా విడదీసింది. ఒక పొర మీద బొమ్మ తేలింది. తడిగా ఉన్న రెండో పొరను సంచిలో వేయబోయింది.

"అది ఇట్లియ్యి."

"అది వేస్ట్ తాతా, పారేసేదే."

"పారేసేది నేనే పారేస్తాలే. ఆ బొమ్మ కూడా ఇయ్యి."

రెండూ చేతికొచ్చాక కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. బొమ్మలో తాను, మగ్గం, దారాలు. అన్నిటికంటే కింద, అద్దం. నేత సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి ప్రతి నేతగాడూ మగ్గం కింద పెట్టుకునే అద్దమే. నలభై ఏళ్ళ అలవాటులో అదొకటి ఉందన్న సంగతే మరిచాడు. అందులో చిలకలన్నీ ముక్కులతో సహా కనిపిస్తున్నాయి. గబగబా తువ్వాలు తీసి అద్దం మీద కప్పాడు.

"ఆ అద్దమే బావుంది తాతా, ఉండనివ్వండి," అంది శ్వేత.

ఇంకేం, అనుమానం రూఢి అయిపోయింది. "అద్దం ఉంటే ఫొటో లేదు," అన్నాడు. పాపం, ఆ పిల్ల అద్దం మీద తువ్వాలుతోనే ఫొటోలు తీసుకుని వెళ్ళింది.

దొంగకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారంటారు. మునియప్ప కుర్రతనంలో రామయ్య అనే నేతగాడి ఇంట్లో నేల మీద కూర్చుని కండెలకు దారం చుట్టేవాడు. రామయ్య ఎవరికీ నేర్పని అంచును, ఆయన మగ్గం కింది అద్దంలో చూసి పోగుపోగూ దొంగిలించాడు. ఆయన పోయాక అది తనదే అన్నాడు. రామయ్య భార్య చౌడమ్మకు ఇన్నేళ్ళూ ఒక్క చీర చూపించలేదు.

ఇప్పుడు కొత్త అనుమానం పట్టుకుంది. ఎప్పుడైనా ఈ చిలకలు ఆమె కంట పడితే గుర్తుపడుతుందా? ఉండబట్టలేక సాయంత్రం ఆ ఫొటో జేబులో పెట్టుకుని పక్క వీధికి వెళ్ళాడు.

"ఎవరో ఫొటో తీసినారక్కా, చూడు."

చౌడమ్మ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మా ఆయప్ప చిలకలు," అంది.

మునియప్ప గుమ్మం వైపు తిరిగాడు.

"కింద కూర్చోని నువ్వు చూస్తా ఉండావని ఆయప్పకు తెలుసు మునియప్పా. నోరు తెరిచి అడుగుతాడేమో, నేర్పిద్దామని ఎదురు చూసినాడు. నువ్వు అడగలే. అందుకే అద్దాన్ని నీ తట్టుకు వంచి పెట్టినాడు."

మునియప్ప సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. చౌడమ్మ ఫొటోను కొంగులో దాచుకుంది. తిరిగి ఇమ్మని ఆయన అడగలేదు.