నోరు పెగలని రోజుల్లో జపమాల

పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఉక్కునగరం క్వార్టరుకు తిరిగొచ్చాక నాకు కుడిచెయ్యి లేవలేదు, నోట్లోంచి మాట రాలేదు. బుర్రలో మాత్రం అన్నీ స్పష్టంగానే ఉండేవి. కళ్ళజోడు అడుగుదామని నాలుక కదిపితే "బ... బ..." అని వచ్చేది. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చేది. కాదని తల ఊపితే దుప్పటి తెచ్చేది. ఇరవయ్యేళ్ళు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి, కింద ఉన్నవాళ్ళను కేకలేసి తప్పించినవాణ్ణి, ఒక కళ్ళజోడు అడగలేకపోయాను.

అది చాలదన్నట్టు సబ్బవరం నుంచి మా అమ్మ, ఏసు తల్లి మరియమ్మ స్వరూపాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో దిగింది. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో జపమాల మొదలు. మాది తాతల నాటి నుంచీ కతోలిక కుటుంబమే గానీ, షిఫ్టుల పేరు చెప్పి నేను కుటుంబ ప్రార్థన మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సాకు చెప్పడానికి నోరే లేదు. రోజూ ఏడింటికి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఒక్కో పూసకు అమ్మ జపం ముందు సగం చెప్తే, మా ఆవిడా ఇంటర్ చదివే మా అమ్మాయీ మిగతా సగం అందుకోవాలి.

నాకు ఒళ్ళు మండేది. పూసలన్నీ అయ్యాక అమ్మ విన్నపాలు మొదలెట్టేది. ఊళ్ళో ఆవు ఈనడం దగ్గర్నుంచి పక్కింటి కోడలి కాన్పు దాకా అన్నీ ఆ తల్లికి విన్నవించేది. చివర్లో నా సంగతి.

"నా కొడుక్కి నోరియ్యి తల్లీ. ఆడేటి పాపం సేసినాడు?"

నేను ఎదురుగానే ఉన్నా, ఊళ్ళో లేనివాడి గురించి చెప్పినట్టుండేది. దేవుడి మీద కోపం వెళ్ళగక్కుదామన్నా మాట లేదు.

ఒకరోజు జపం మధ్యలో అమ్మాయి ఒళ్ళో ఫోన్ వెలిగింది.

"ప్రార్థనప్పుడు కూడా ఏటే అది?" అంటూ మా ఆవిడ లాక్కుంది.

"రేపు టెస్టమ్మా! కావాలంటే సూడు."

వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే, అమ్మ తన సగం ముగించి పూస పట్టుకుని ఆగిపోయింది. ఎవరూ అందుకోరు. ఇది దాటితే గానీ తర్వాతి పూస రాదు, నా అన్నమూ రాదు. విసుగు తలకెక్కింది.

"పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా..." అన్నాను. ఆగకుండా ఆమెన్ దాకా వెళ్ళిపోయాను.

అమ్మ లేచొచ్చి నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "నాయనా, ఇప్పుడు నీల్లు అను."

"బ... బ..."

మర్నాటి నుంచి మరో బాధ. అమ్మ పిలిపించిన చుట్టాలందరి ముందూ జపం అప్పజెప్పాలి. ఆసుపత్రిలో నాకు మాటలు నేర్పే స్పీచ్ థెరపీ అమ్మాయి మాత్రం ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు కంఠతా పట్టినవి ఒక్కోసారి అలా మిగిలిపోతాయనీ, ఆ దారినే వేరే మాటలు రప్పించవచ్చనీ చెప్పింది. అద్భుతం కాదందని అమ్మ అలిగింది. మా ఆవిడ రోజూ జపమాల అయ్యాక నా పక్కన కూర్చుని, జపంలో "ఇప్పుడును" అనే చోట ఆపి, "ఇప్పుడు... అన్నం" అనిపించేది. ఎన్నిసార్లు తప్పినా మళ్ళీ మొదలెట్టేది. విసుక్కున్నది నేనే.

నెల దాటాక ఒక సాయంత్రం అమ్మ విన్నపాలు ఎంతకీ తెమల్లేదు. ఎవరి బోరులోనో నీళ్ళు పడాలట.

"అమ్మా, సాలు!"

అందరూ నా వైపు తిరిగారు. అది జపంలోది కాదు, నా సొంత మాట. అమ్మాయి పకపకా నవ్వింది. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "సాల్లేరా, ఆపేత్తన్నాను" అంటూనే అమ్మ మరో ఇద్దరి కోసం వేడుకుని గానీ ఆపలేదు.

ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాను. క్రేన్ ఎక్కనివ్వరు, ఆఫీసులో కూర్చోబెట్టారు. మరియమ్మ విన్నదో, నరాలే దారి వెతుక్కున్నాయో నాకు తెలియదు. మొన్న విన్నపాలు తలా ఒకటి చెప్పుకుంటూ నా వంతు వచ్చినప్పుడు, థెరపీ దగ్గర పరిచయమైన ఒకాయన కోసం అడిగాను. ఆయనకింకా మాట రాలేదు. ఆ ఒక్క వాక్యం పూర్తిచెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది. మా వాళ్ళెవరూ మధ్యలో అందుకోలేదు.