ఫోటోగ్రాఫర్‌లో నలుగురు గురువులు

మహబూబాబాద్‌లో రైలెక్కింది మొదలు నా నోరు ఊరుకోలేదు. రెస్, పాన్, సి, బి, లి, టీ. వేళ్ల మీద ముక్కలు లెక్కపెట్టడం, ఏ ముక్కను ఒత్తి పలకాలో మరిచిపోవడం, మళ్లీ మొదలు. జనగామలో ఒక ప్రైవేటు బడిలో హైస్కూలు ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పాలి. అది రాకపోతే తండాకు తిరిగొచ్చి మిరప చేన్లోకి దిగడమే. బీఎడ్ చేసినదాన్ని చేన్లో చూసి నవ్వేవాళ్లకు మా దగ్గర కరువు లేదు.

ఎదురు సీట్లో కూర్చున్న అవ్వ చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

“ఏం జపం బిడ్డా గది?”

“జపం కాదవ్వా, ఇంగ్లీషు మాట.”

“గంత పొడుగా! గీ రైలే నయం, యాడనన్న ఆగుతది.”

నవ్వాను గానీ కాలు ఊపడం మానలేకపోయాను. ఫోటోగ్రాఫ్‌లో మొదటి ముక్కను ఒత్తాలి. చివర చిన్న తోక తగిలించి ఫోటోగ్రాఫర్ అంటే రెండోదాన్ని. ఫోటోగ్రాఫిక్ అంటే మూడోదాన్ని. ఒత్తని ముక్కలు నోట్లోనే నలిగిపోవాలట. మనమేమో బంతిలో కూర్చున్న అందరికీ ఒకేలా వడ్డించినట్టు అన్నిటినీ నిండుగా పలుకుతాం. ఇదెక్కడి పేచీ భాష అని ఒళ్లు మండింది.

బడిలో పదో తరగతికి పంపారు. ప్రిన్సిపాల్ సారు వెనక బెంచీలో కూర్చున్నారు. బోర్డు మీద ఫోటోగ్రాఫర్ అని రాసి నాలుగు ముక్కలు చేశాను. అంతవరకు బాగానే ఉంది. ఒత్తు గుర్తు పెట్టాల్సిన చోట చెయ్యి తన దారిన తాను పోయింది. పద్యాలకు గణవిభజన చేసి చేసి అలవాటుపడ్డ చెయ్యి. ఫో దీర్ఘం, గురువు. టో గురువు. గ్రా గురువు. ఫర్‌కు చివర పొల్లు, అదీ గురువే. నాలుగింటి మీదా గురువు గుర్తులు గీసేశాను.

“టీచర్, గిది ఇంగ్లీషా, పద్యమా?” అంది ముందు బెంచీ అమ్మాయి. క్లాసంతా గొల్లుమంది. బల్ల కింద దూరిపోవాలనిపించింది.

తర్వాత సారు తన గదికి పిలిచి టీ ఇప్పించారు.

“ఇంగ్లీషుకు వేరేవాళ్లను తీసుకుంటమమ్మా. మీ ఇంగ్లీషు నిండ తెలుగే ఉన్నది. పరేషాన్ కాకుండ్రి, మాతృభాష యాడికి పోతది?”

ఆయన ఓదార్చడానికే అన్నారు. నాకు మాత్రం కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మా తండాలో ఇంటి భాష వేరు. బడికొచ్చిన కొత్తలో నా తెలుగు విని తోటి పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ తెలుగు కోసం ఎంత ఏడ్చానో నాకే తెలుసు. ఇప్పుడు అదే ఎక్కువైందని ఉద్యోగం పోయింది.

సారుకు దండం పెట్టి బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. “యాడీ” అన్నాను. మా భాషలో అమ్మ అని. ఆ తర్వాతి మాట నాకొచ్చిన మూడు భాషల్లో ఏ ఒక్కదాంట్లోనూ రాలేదు.