విలన్ అన్నం పెట్టాడా

మా ఇంట్లో సూపర్‌హీరో సినిమా నడుస్తుంటే నా భార్య ఎప్పుడూ విలన్ పక్షం. ఆదివారం మధ్యాహ్నం టీవీలో డబ్బింగ్ సినిమా మొదలయ్యే వేళకి ఎదురింటి మెకానిక్ వచ్చి కుర్చీ లాక్కునేవాడు. అతనిది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. ముస్లింల ఇల్లే అయినా, మేము నరసరావుపేటలో ఈ వీధికి వచ్చినప్పటి నుంచీ ఆమెను అక్కా అని, నన్ను బావా అని పిలిచేవాడు. అతను హీరో పక్షం. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. వెనక మంచం మీద పుస్తకం పట్టుకుని వాళ్ల తగవు వినేవాణ్ణి. సినిమా కంటే అదే బాగుండేది.

ఆమె పుట్టిల్లు గురజాల దగ్గర పల్లె. వాళ్ల నాన్న పంచాయతీ ఎన్నికల్లో నిలబడుతూనే ఉండేవాడు, ఎక్కువగా ఓడిపోతూ. విలన్లను కూడా ఆమె ఆ కళ్లతోనే చూసేది.

"వాడికి ఒక పనంటూ ఉందిరా తమ్ముడూ. ఏళ్ల తరబడి కూర్చుని ఆలోచించుకున్నాడు. మీవాడు ఏం జేశాడు? ఆ విలన్ ఏదో ఒకటి జేసిందాకా మీవాడు ఖాళీయే గదా."

"మరి అంత ఆలోచించినోడు చంపబోయే ముందు ఉపన్యాసం ఏందక్కా? ఆ మాటలేవో చంపినాక చెప్పుకోవచ్చు గదా."

"అది నిజమే. పక్కన ‘చాల్లే, కూర్చో’ అనేవాడు ఒక్కడు లేడు వాడికి."

"అసలు ఎర్ర బటన్ ఒకటి నొక్కితే మొత్తం పేలిపోయే మిషన్ ఎవడు జేస్తాడు? ఫ్యూజ్ పెట్టొద్దా?"

ఫ్యూజ్ సంగతి ఆమె పట్టించుకునేది కాదు. విలన్‌లో ఆమె అసలు చూసే లోపం వేరు. "మా నాన్న గెలవనని తెలిసిన ఏడాది కూడా పెరట్లో జనానికి వండే గుండిగలు పొయ్యి మీంచి దించలేదు. వీడి వెనక అంతమంది తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారే, ఒక్కడన్నా అన్నం తిన్నట్టు చూపించారా? కడుపు కాలేవాళ్లు ఎంతసేపు నిలబడతార్రా? అందుకే చివర్లో పారిపోతారు."

వెబ్ సిరీస్‌లు వచ్చాక ఆమెకు కొంచెం ఆశ పుట్టింది. వాటిలో విలన్‌కి ఇల్లుంటుంది, తల్లి ఉంటుంది, చిన్నప్పుడు తగిలిన దెబ్బ ఉంటుంది. ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూసి, "తల్లి ఉంది, వంటిల్లు ఉంది, పొయ్యి మాత్రం వెలిగించరే" అని టీవీ ఆపేసింది.

పోయిన వేసవిలో ఆమె చనిపోయింది. మెకానిక్ వస్తూనే ఉన్నాడు, కానీ గేటు దగ్గరే నిలబడి ఏమన్నా కావాలా అని అడిగి వెళ్లిపోయేవాడు. ఆదివారాలు మాత్రం రాలేదు. నేనూ పిలవలేదు. ఇంట్లో ఆమె ఫోటో ఉంది, చీరలున్నాయి. ఆమె వాదన మాత్రం ఎదురుగా ఇంకొకరుంటేనే ఉంటుంది. ఆదివారాలు ఇలాగే గడిచిపోతే ఆ గొంతు నాకు పూర్తిగా పోతుందని తెలుస్తూనే ఉంది.

మొన్న ఒక ఆదివారం బోరు మోటారు ఆడటం లేదని ఫోన్ చేశాను. అతను వచ్చేసరికి టీవీ పెట్టి సౌండు పెంచాను.

"స్టార్టర్ శుభ్రంగా ఉంది గదా బావా?" అన్నాడు పెరట్లో నుంచి వస్తూ.

"పొద్దున ఆడలేదు."

అతను టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని కుర్చీ లాక్కున్నాడు.

నల్లకోటు వేసుకున్న విలన్ ఒక నగరాన్ని ముంచే పనిలో ఉన్నాడు. హీరో గోడలెక్కుతున్నాడు. ఒకరి మీద ఒకరు అరవకుండా చూస్తే ఆ సినిమా చాలా పొడుగ్గా ఉంది. చివరికి నేనే మొదలుపెట్టాను. విలన్‌కి చిన్నప్పుడు జరిగిన అన్యాయం గురించి, అధికారం మనుషుల్ని ఒంటరి చేయడం గురించి నాలుగు మాటలు చెప్పాను.

"అది పాఠం బావా. అక్క అట్టా మాట్లాడేదా?" అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఏందీ, ఇంటికొచ్చినోడికి టీ కూడా లేదా? నీకూ ఆ నల్లకోటోడికీ తేడా ఏంది?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్లి పాలు పెట్టాను. టీ పొడి వేస్తుండగా హాల్లోంచి కేక.

"బావా! రా! పెట్టాడు! అన్నం పెట్టాడు!"

గరిట చేతిలో ఉండగానే పరిగెత్తాను. నిజమే. ఏదో గోదాములాంటి చోట విలన్ మనుషులు పళ్లాలు పట్టుకుని తింటున్నారు. విలన్ ఒకడి పళ్లెంలో ఇంకాస్త వేశాడు. సీను అంతే. ఇద్దరం నిలబడే ఉన్నాం. ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఇదే.

ముందుగా మెకానిక్ తేరుకున్నాడు. తను హీరో పక్షమని గుర్తొచ్చినట్టుంది. "అయినా ఇది లెక్కలోకి రాదు. నిలబడి తిన్నారు. బంతి వేసి కూర్చోబెట్టలేదు."

"తెల్లారితే ఊరు ముంచబోయేవాళ్లయ్యా. బంతి వేసే తీరిక ఎక్కడుంది వాళ్లకి?" అన్నాను.

అతను కుర్చీ పూర్తిగా నా వైపు తిప్పాడు. "అదీ! ఇప్పుడు మాట్లాడావు. సరే, పెరుగు ఉందా వాళ్లకి? చెప్పు, పెరుగు ఉందా?"

"పళ్లెంలో తెల్లగా ఉంది, చూడలేదా?"

"అది చట్నీ!"

"చట్నీ కాదు."

సినిమా అయిపోయేదాకా పెరుగు తేలలేదు. విలన్ మనుషులు ఈసారి పారిపోలేదు. అది నేను రెండుసార్లు ఎత్తిచూపాను. అయినా వాడు తన మిషన్‌లోనే పడి చచ్చాడు. "ఫ్యూజ్ లేదు, నేనేం జెయ్యను" అన్నాడు మెకానిక్.

ఈలోగా వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మళ్లీ పెట్టి టీ పోశాను. గేటు దాటుతూ అతను వెనక్కి తిరిగి, "వచ్చే ఆదివారం మోటారు చెడిపోవాల్సిన పన్లేదులే బావా. పకోడీ నేను తెస్తా" అన్నాడు.

తర్వాత నా గ్లాసు తాగితే తెలిసింది, టీలో పంచదార వెయ్యలేదని. అతను రెండు గ్లాసులు తాగి వెళ్లాడు.